ఈ పక్క చీల

వెనక్కి పోనంటే పోనంటోంది. గఫూర్ మూడోసారి రివర్స్ గేరు వేసి, మెడ తిప్పి, క్లచ్చి మీది కాలును నిండు పాలగిన్నె దించినంత మెల్లగా ఎత్తాడు. జీపు మూరెడు వెనక్కి జరిగింది, అంతే, వెనకున్న ట్రైలర్ చక్రాలు రెండూ ఎవరో కూర్చుని పట్టుకున్నట్టు బిగుసుకుపోయాయి. జీపు టైర్లు మాత్రం గట్టు రేగడిని తవ్వి అద్దం మీదికి చిమ్ముతున్నాయి. ట్రైలర్ మీద ఇనప పడవ ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. గట్టు అవతల తుంగభద్ర మోత. ఆ మోత నడుమ ఒక రాతిగుండు, గుండు మీద ఐదుగురు. నిన్న మధ్యాహ్నం మోకాటిలోతు నీళ్లలో నడిచిపోయి ఆ గుండు చుట్టూ గడ్డి కోసుకుంటుంటే ఏరు పెరిగింది, రాత్రంతా అక్కడే. పైన డ్యాం గేట్లు ఇంకో రెండు ఎత్తారని, ఆ నీళ్లు పది గంటలకు ఇక్కడికి వస్తాయని పొద్దున్నే ఫోను. ఇప్పుడు తొమ్మిది దాటింది. గంపలాంటి పుట్టి నడిపే మాదన్న నీళ్ల అంచున తుమ్మపుల్ల గుచ్చి పెట్టాడు, గుచ్చిన పుల్ల అప్పుడే సగం మునిగింది. ఈ సుళ్లలో పుట్టి వేస్తే బొంగరం తిరిగినట్టు తిరుగుతుందని అతనే చెప్పాడు. మోటారు పడవ తప్ప దారి లేదు. ఆ పడవ ఇదిగో, నీళ్లకు నూరు గజాల దూరంలో, గఫూర్ వెనక, మొండికేసిన గొడ్డులా.

డ్రైవరుగా పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆదోని సంత రోజున సందుల్లోంచి లారీని వెనక్కి తీసినవాడు, ఎమ్మిగనూరులో మగ్గాల గుంటల పక్కనుంచి నూలు బండ్లను తప్పించుకుని జీపును ఒంటి చేత్తో తిప్పినవాడు, ఇప్పుడు నిలువెత్తు గట్టు ఎక్కించలేక ఊరి జనం ముందు చెమటలు కక్కుతున్నాడు. తిప్పుకుని ముందుకు పోదామా అంటే తిప్పే చోటు లేదు, దారికి రెండు పక్కలా మునిగిన వరిమళ్లు. అయినా పడవ ముందు దిగాలి నీళ్లలో, జీపు కాదు. కాబట్టి వెనక్కే. మొత్తం వెనక్కే. "ఇప్పేసి సేతుల్తో నూకుదామప్పా" అన్నాడు మాదన్న ఇందాక. "గట్టు దాటినాక దాన్ని పట్టేదెవరు? పడవా మనుషులూ అంతా కలిసి ఏట్లోకే" అన్నాడు ఇంజనీరు శ్రీపాదరావు. ఆయన మాట నిజమే. ఆయన మాటలెప్పుడూ నిజమే, అదే వచ్చిన చిక్కు. మనిషి సన్నగా, నుదుటి మీద గోపీచందనంతో, చేతిలో తెరిచిన గొడుగుతో గట్టు మీద నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. గుండు వైపు చూడటం లేదు. చూడలేకపోతున్నాడు.

గఫూర్‌కు అద్దంలోంచి గుండు కనిపిస్తోంది. నలుగురు నిలబడి చేతులూపుతున్నారు. ఐదో మనిషి ఉచ్చీరమ్మ, కోసిన గడ్డిమోపు మీద కూర్చుని ఉంది. రాత్రంతా వానలో, చుట్టూ ఏరు ఉరుముతుంటే, మోపు వదల్లేదట. ఆమె మొగుడు హనుమన్న ఇవతలి గట్టు కింద బండి దగ్గరున్నాడు, ఆ గడ్డి తీసుకుపోదామని నిన్న కట్టుకొచ్చిన బండి. ఎద్దుల్ని విప్పేశాడు గానీ ఇంటికి పోలేదు, కూడు తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. "దానికి ఈత రాదు" అని మాత్రం జీపు రాగానే ఒక మాట చెప్పాడు, గఫూర్‌కే చెప్పాడు, ఇంజనీరుకు కాదు, ఎందుకో మరి. బండివాడికి బండివాడి మొహం తెలుస్తుందేమో. తన చొక్కా కింద ఇంకా ఎద్దుల వాసన ఉందేమో, ఖాకీ బట్ట ఎన్నిసార్లు ఉతికినా.

ఎద్దులు అనుకోగానే నాయన. కరీం సాబ్ బండి అంటే ఆదోని పత్తి మిల్లుల్లో తెలియనివాడు లేడు ఆ రోజుల్లో. పత్తికొండ పక్క పల్లెల నుంచి పత్తి బోరాలు, ఆకాశం ఎత్తు, పైన తాళ్లు బిగించి, రాత్రంతా నడిచి తెల్లారేసరికి మిల్లు వాకిట్లో. ఆ వాకిలి ఇరుకు, బండిని వెనక్కి పెట్టాలి, మిగతా బండివాళ్లంతా ఎద్దుల్ని చావబాదేవాళ్లు, బండి కదిలేది కాదు. నాయన కొట్టేవాడు కాదు. ఎద్దుల్ని ముందుకు అదిలించేవాడు, ముందుకు, ఒకటే అడుగు, ఆ అడుగులో చక్రానికి ఒరుసుకుంటున్న బ్రేకుకట్టె తాడు వదులయ్యేది, తాడు ఊడదీసి అప్పుడు అనేవాడు, "ఇప్పుడు యెనక్కి పాండ్రి నాయనా." పోయేవి. వెన్నపూసలోకి వేలు పోయినట్టు పోయేవి. "ఒరే గఫూరా, యెనక్కి పోవల్లంటే ముందు ముందుకు పోవల్ల. బిగిసిన దాన్ని ఇంగా బిగిచ్చి లాగేటోడు బండోడు కాదు, బడుద్దాయి." మరి నువ్విప్పుడు చేస్తున్నదేమిటి, మూడుసార్లు బిగించి లాగావు, నాలుగోసారికి చెయ్యి గేరు మీదే ఉంది. గఫూర్ చెయ్యి తీశాడు.

కట్టె. చక్రానికి కట్టె ఎవరు వేశారు? ఈ ట్రైలర్‌కు బ్రేకు పెడలు లేదు, తాడు లేదు. జీపుకూ దానికీ నడుమ ఒక ఇనప చెయ్యి ఉంది, గొట్టంలోకి జారే గొట్టం. జీపు ఆగితే వెనక బరువు ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుడుకు చెయ్యి లోపలికి పోయి నూనెను నొక్కుతుంది, చక్రాలకు దానంతటదే బ్రేకు పడుతుంది. మూడేళ్ల కిందట ఇది యే దేశం నుంచో ఓడెక్కి వచ్చిన కొత్తలో, కొత్తల్లుడి గుణాలు చెప్పుకున్నట్టు కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు గఫూర్, ఎమ్మిగనూరు రోడ్డు మీద నలభైలో పోతూ బ్రేకు వేసి చూపించాడు కూడా. బరువు తోస్తే బ్రేకు. సరే. మరి వెనక్కి పోయేటప్పుడు? వెనక్కి పోయేటప్పుడు జీపే దాన్ని తోస్తోంది కదరా. తోపుడు ఇటు నుంచో అటు నుంచో ఆ ఇనుముకేం తెలుసు. గొట్టం లోపలికి పోతోంది, బ్రేకు పడుతోంది, నువ్వెంత గట్టిగా తోస్తే అంత గట్టిగా. నువ్వే బిగిస్తున్నావు. బడుద్దాయి అంటే నువ్వే. ఇన్నాళ్లూ తెలియలేదంటే, ఎప్పుడైనా వెనక్కి తీస్తే కదా. షెడ్డులో పెట్టాలంటే విప్పేసి నలుగురు చేతుల్తో నెట్టేవాళ్లు, చెరువులో ఒకసారి దించితే అదీ చదును నేల, అదీ చేతుల్తోనే.

కానీ ఒకసారి తీశారు. తను కాదు, మద్రాసు నుంచి దాన్ని తెచ్చి అప్పజెప్పిన మెకానిక్, నూనె మరకల లుంగీ, నోట్లో కిళ్లీ. అతను షెడ్డులోకి వెనక్కే పెట్టాడు దీన్ని, ఒక్క తిప్పుతో. ఎలా పెట్టాడు? దిగి, ముందు దగ్గర ఏదో చేసి, మళ్లీ ఎక్కి. పెట్టాక దిగి, ఏదో తీసి, అరవంలో ఏదో చెప్పాడు, వేలు పెట్టి చూపించాడు కూడా. గఫూర్ టీ చెప్పడానికి బయటికి చూస్తూ "ఆఁ ఆఁ, సరే సరే" అన్నాడు. చూడకుండానే అన్నాడు.

తలుపు తోసి దిగాడు. "ఏమప్పా గఫూర్, ఏమి?" అంటున్నాడు శ్రీపాదరావు పైనుంచి. బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఇనప చెయ్యిని తడిమాడు. పోయిన దసరా ఆయుధపూజకు పూసిన పసుపు ఇంకా గీతల్లో ఉంది. చిన్న గొలుసు, గొలుసు చివర ఎండి నల్లబడిన నిమ్మకాయా రెండు మిరపకాయలూ, షెడ్డు వాచ్‌మన్ శేషన్న కట్టినవి, దిష్టి తగలకుండా. గొలుసు పక్కనే గొట్టానికి అడ్డంగా ఒక బెజ్జం. బొటనవేలు పట్టేంత బెజ్జం. గఫూర్ వేలు పెట్టాడు. వేలు సగం పోయి ఆగింది, లోపలి గొట్టం అడ్డు. అది బయటికి జరిగితే రెండు బెజ్జాలూ ఒకదానికొకటి ఎదురొస్తాయి, అప్పుడు అందులో ఒక చీల దిగేస్తే గొట్టం ఇక లోపలికి పోలేదు, నూనె నొక్కుకోదు, బ్రేకు పడదు. అదే చేశాడు కిళ్లీ మెకానిక్. గొలుసుకు నిమ్మకాయ కోసమా ఓడలో పంపారు వాళ్లు? చీల కోసం. ఉండేది చీల. బెత్తెడు పొడవు, బొటనవేలంత లావు, నున్నగా, సినిమాలో కన్నాంబ ముక్కుపుడకలా తళతళా.

వేలు బెజ్జంలో ఉండగానే చెవిలో ఇసుర్రాయి మోగింది. గుర్రుగుర్రుమని, తెల్లారుజామున, ఆదోనిలో తన ఇంట్లో, హసీనా జొన్నలు విసురుతుంటే వచ్చే మోత. రెండేళ్ల కిందటి రంజాన్ ముందర ఇసుర్రాయి నడిమి కొయ్య విరిగింది, ఆమె అంది, "ఆపీసులో అంత ఇనుముంటాదంటావు, ఒక్క మేకు తేలేవా?" తెచ్చాడు. పనికిమాలిన గొలుసుకు పనికిమాలిన మేకు ఒకటి వేలాడుతోంది కదా అని తెచ్చాడు. ఆమె పెట్టి తిప్పి చూసి నవ్వింది, "ఎట్ల తిరుగుతాండాది సూడు" అంది, ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు మేకులైనా తెచ్చేవాడే. రెండేళ్లుగా ఆ చీల చుట్టూ తిరిగిన పిండి రొట్టెలే తిన్నాడు. ఇక్కడికి యాభై మైళ్లు, రానూ పోనూ వంద. నీళ్లు పదింటికి.

ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన ఎంత మెత్తగా వచ్చిందంటే గఫూర్‌కే సిగ్గేసింది. బ్రేకు తుప్పు పట్టింది సార్, పరాయి దేశం సరుకు సార్ అంటే శ్రీపాదరావు నమ్ముతాడు, రాసుకుంటాడు, పైకి పంపుతాడు. ఈ ఉదయం బయల్దేరేముందు కూడా ఆయన కాగితం పట్టుకుని "అన్నీ ఉండాయా గఫూర్?" అని అడిగితే, స్టీరింగు ముందు కూర్చునే "ఉండాయి సార్" అన్నాడు కదా, నమ్మలేదూ? ఉండాయి. ఉంది. ఆ మాట నోటికి ఎంత అలవాటో.

నాయన బండి కదిలించేముందు ఒక పద్ధతి ఉండేది. ఎడమ చక్రం దగ్గర తను నిలబడి, చక్రం ఊడకుండా ఇరుసు చివరున్న చీల మీద చెయ్యి వేసి "సీల?" అని కేకేసేవాడు. కుడి పక్కనున్నవాడు ఆ పక్క చీల తాకి చూసి "ఉంది" అనాలి. అప్పుడుగానీ ఎద్దుల మీద చెయ్యి వేసేవాడు కాదు. కుడి పక్క ఎప్పుడూ గఫూరే. ఆ రోజు పత్తిగింజల బోరాలు ఎత్తుకుని బయల్దేరుతుంటే మిల్లు గేటు దగ్గర, పద్దెనిమిదేళ్ల వయసు, గోడ మీద కొత్త సినిమా బొమ్మ అంటిస్తున్నారు, అంటించేవాడు ఇంకా హీరోయిన్ మొహం దాకా రాలేదు. "సీల?" అన్నాడు నాయన. "ఉంది" అన్నాడు గఫూర్ గోడ వైపు చూస్తూ. కొండ దిగే మలుపులో కుడి చక్రం ఊడి, బోరాలన్నీ ఒక పక్కకు ఒరిగి, నాయన కాలు వాటి కింద నలిగింది. మళ్లీ నేల మీద ఆనలేదు ఆ కాలు. ఊరంతా తిట్టింది, సీల పీకినోని చేతులు పడిపోను అని. గఫూర్ కూడా తిట్టాడు, అందరికంటే గట్టిగా, ఇరవై ఏళ్లు. పీకినవాడెవరో దేవుడికి తెలుసు. చూడనివాడెవడో గఫూర్‌కు తెలుసు. నాయనకూ తెలుసేమో. ఒక్కసారీ అడగలేదు. చచ్చేదాకా అడగలేదు. అడిగుంటే బాగుండేది.

గఫూర్ లేచాడు. మోకాళ్ల బురద తుడుచుకోలేదు. జీపెక్కి, ఫస్టు గేరు వేసి, ముందుకు పోనిచ్చాడు.

గట్టు మీద జనం గొల్లుమన్నారు. "యాడికి పోతాండాడు? వాడు పోతాండాడు!" "పట్టండ్రి!" ఎవరో రాయి తీసుకున్నారు. గుండు మీది నుంచి కూడా ఒక ఏడుపు సన్నగా వచ్చింది, పడవ దూరంగా జరగడం వాళ్లూ చూశారు కాబోలు. హనుమన్న పరుగెత్తుకొచ్చి జీపు మూతికి రెండు చేతులూ ఆనించి, బురదలో కాళ్లు తన్నిపట్టి నిలబడ్డాడు, ఒక్క మనిషి జీపును ఆపగలిగినట్టు. గఫూర్ అప్పటికే ఆపేశాడు. జీపు కదిలింది రెండు బారలే. వెనక బండరాయి అడ్డం పెట్టమని మోటారు నడిపే పౌలుకు చేత్తో చూపించాడు.

"పోవడం లేదన్నా. యెనక్కి పోయేదానికే ముందుకొచ్చినా." కిందికి దిగాడు. జనమంతా వినేట్టే చెప్పాడు, తగ్గించి చెబితే మళ్లీ ధైర్యం రాదని. "సార్, ఈడ ఒక సీల ఉండల్ల. అది ఏస్తేనే ఇది యెనక్కి పోతాది. ఆ సీల ల్యాదు. దాన్ని పీకింది నేనే. మా ఇంట్లో ఇసుర్రాయికి ఏసుకున్నా. పొద్దున మీరడిగితే సూడకుండానే ఉందని సెప్పినా."

శ్రీపాదరావు గొడుగు దించాడు. వాన ఆయన గోపీచందనాన్ని ముక్కు దాకా కార్చింది. "ఇప్పుడేం కావల్ల?" అన్నాడు.

"బెత్తెడు ఇనుము సార్. బొటనేలంత." అంటూనే గఫూర్ కళ్లు హనుమన్న బండి మీదికి పోయాయి, పోయి ఇరుసు చివర ఆగాయి. ఆగి అక్కడే ఉండిపోయాయి. ఇంకొకడి బండి చీల. ఏ మొహంతో అడగాలి, ఏ చేత్తో పీకాలి. హనుమన్న ఆ చూపు చూశాడు. బండోడు బండోడే.

"సీల కావల్నా? సెక్రమే ఊడబెరుక్కోపో!" అంటూ ఒక్క పరుగున పోయి, రాయి తీసుకుని కింది నుంచి రెండు దెబ్బలు కొట్టి, కుడి పక్క చీల ఊడదీసి తెచ్చి గఫూర్ అరచేతిలో పెట్టాడు. కందెన అంటిన చీల, వెచ్చగా ఉంది, హనుమన్న చేతి వేడి.

బెజ్జాలు రెండూ ఎదురొచ్చి ఉన్నాయి. చీల ఒక పిసరు వదులు. గఫూర్ తలగుడ్డ అంచు పళ్లతో చింపి, చీలకు చుట్టి, పౌలు చేత సుత్తితో దిగగొట్టించాడు. దిగింది. చేత్తో పట్టుకుని ఊపాడు, ఒంగి కంటితో చూశాడు, మళ్లీ ఊపాడు. అప్పుడు ఎక్కాడు. రివర్స్ గేరు. కాలు మెల్లగా. మూరెడు జరిగింది, అక్కడే ఆగుతుందని ఒళ్లంతా బిగిసింది, ఆగలేదు, ఇంకో మూర, ట్రైలర్ చక్రాలు తిరుగుతున్నాయి, బురద పూసుకుని తిరుగుతున్నాయి, గట్టెక్కుతోంది, పడవ వెనకభాగం పైకి లేచింది, ఒక్క క్షణం ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు, తర్వాత అవతలికి ఒరిగింది. ఇక్కడ భయం వేరు. చీల వేసినంతసేపూ ట్రైలర్‌కు బ్రేకు లేనట్టే, బరువంతా జీపును ఏట్లోకి లాగుతోంది, పట్టుకోవాల్సింది గఫూర్ కుడికాలు ఒక్కటే. ఆనించు, వదులు, ఆనించు. నాయనా, కాలు నాది, పట్టు నీది. పడవ అడుగుకు నీళ్లు తగిలిన చప్పుడు, మాదన్న పుల్ల కనపడటం లేదు, "సాలు సాల్సాలు!" అని పౌలు కేక, తాడు విప్పిన చప్పుడు, బరువు ఒక్కసారిగా తేలికై జీపు ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది. మోటారు రెండుసార్లు దగ్గి అందుకుంది. పౌలూ మాదన్నా అందులో ఉన్నారు. గఫూర్ నుదురు స్టీరింగుకు ఆనించాడు, హారన్ మోగి ఉలిక్కిపడ్డాడు.

ట్రైలర్‌ను గట్టు మీదికి లాగి, రాళ్లు అడ్డం పెట్టి, ముందు ఆ చీల ఊడదీశాడు. జనమంతా ఏటి వైపు చూస్తున్నారు. గఫూర్ చూడలేదు. ముందు చేయాల్సిన పని ముందు. హనుమన్న బండి దగ్గరకు పోయి, తలగుడ్డ పేలిక తీసేసి, కుడి పక్క ఇరుసు బెజ్జంలో చీల పెట్టి, రాయితో దిగగొట్టాడు. పడవ రెండుసార్లు పోయి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ముగ్గురు, రెండోసారి ఇద్దరు. ఆ ఇద్దరిలో ఉచ్చీరమ్మ ఆఖరు, మోపుతో సహా. మోపుంటే పడవ బరువైతుందని పౌలు అంటే, అయితే నువ్వు దిగు అందట. ఒడ్డెక్కగానే మొగుణ్ని చూసి "ఎద్దులకు నీళ్లు పెడ్తివా?" అంది, అని అక్కడే మోపు మీద కూలబడి వణికిపోయింది. వాళ్లెక్కిన కాసేపటికి గుండు మీదికి నీళ్లు పారాయి. గుండు ఉన్న చోట ఒక నురగ గీత మిగిలింది.

"రిపోర్టులో రాయక తప్పదప్పా" అన్నాడు శ్రీపాదరావు పక్కకొచ్చి. గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది. "రాయండి సార్. సూడకుండా సెప్పినాననేది గూడా రాయండి" అన్నాడు గఫూర్. పనిష్‌మెంటు వస్తుంది, ఇంక్రిమెంటు పోతుందో ఉద్యోగమే పోతుందో. రాత్రికి పోయి ఇసుర్రాయి పైదిమ్మ ఎత్తాలి. మరి జొన్నలో, అంటుంది హసీనా. తుమ్మకొయ్య చెక్కుతాను. కొయ్య అరిగితే ఇంకోటి చెక్కుతాను. ఎందుకో కూడా చెప్పాలి ఆమెకు. మొదటి నుంచీ, మిల్లు గోడ దగ్గర నుంచీ.

హనుమన్న ఎద్దుల్ని కట్టాడు. గడ్డి వేశాడు, గడ్డి మీద ఉచ్చీరమ్మను కూర్చోబెట్టి గొంగడి కప్పాడు. ఎడమ చక్రం దగ్గరకు వచ్చి, అలవాటుగా చీల మీద చెయ్యి వేసి, అలవాటుగా కేకేశాడు, "సీల?"

ఆ పక్క నుంచి పలకాల్సింది ఉచ్చీరమ్మ. ఆమె పళ్లు టకటకమంటున్నాయి, మాట రావడం లేదు. గఫూర్ కుడి పక్కకు నడిచాడు. అర్ధగంట కింద తనే కొట్టిన చీల, తన చేతుల్తోనే. అయినా ఒంగాడు. చూశాడు. చెయ్యి వేసి, పట్టుకుని ఊపి చూశాడు.

"ఉంది" అన్నాడు. "సూసే సెప్తాండా."